కోడ్ ఎడిటర్‌ను చేతికి అమర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా టీములో కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలలో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ, చివరికి రాసి పెట్టుకున్నాను. కోడ్ ఎడిటర్ అంటే ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేర్. ఉదాహరణలు మైక్రోసాఫ్ట్ వారి ఎడిటర్ వీఎస్ కోడ్‌వి, ఎందుకంటే మా దగ్గర ఎక్కువమంది వాడేది అదే. షార్ట్‌కట్లు విండోస్‌లో పనిచేసేవి ఇచ్చాను. మ్యాక్‌లో చాలావరకు కంట్రోల్ బదులు కమాండ్ నొక్కితే సరిపోతుంది. సెట్టింగుల పేర్లను తెలుగు లిపిలో రాశాను. ఎడిటర్‌లో వెతికేటప్పుడు అవే మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయండి.

ఎడిటర్‌ను మార్చుకుంటే పని నిజంగా వేగంగా సాగుతుందా?

సాగుతుంది, అయితే మీరనుకునే చోట కాదు. ప్రోగ్రామర్ రోజులో టైపు చేసే సమయం తక్కువ. చదవడం, వెతకడం, ఒక ఫైలు నుంచి మరో ఫైలుకు వెళ్లి మళ్లీ వెనక్కి రావడం, ఎడిటర్ ఏదో ఆలోచించుకుంటుంటే మనం చేతులు కట్టుకుని కూర్చోవడం, ఇవే ఎక్కువ. లాభం రావాల్సింది వీటిలో.

చిన్న లెక్క చెబుతాను. ఎడమవైపు ఫోల్డర్లను మౌసుతో ఒక్కొక్కటే తెరుచుకుంటూ ఒక ఫైలును చేరడానికి ఆరు సెకన్లు పట్టిందనుకోండి. కంట్రోల్+పి నొక్కి పేరులో నాలుగక్షరాలు కొడితే ఒక సెకను. మిగిలింది 5 సెకన్లు. రోజుకు 50 సార్లంటే 250 సెకన్లు. ఏడాదికి 250 పనిదినాలు వేసుకుంటే 17 గంటల పైచిలుకు, అంటే రెండు రోజుల పని. ఇదేమీ బ్రహ్మాండం కాదు. అసలు లాభం లెక్కకు అందనిది: ఫైలు దొరికేలోపు దేనికోసం వెతుకుతున్నామో మరచిపోకుండా ఉండటం.

ఆ 17 గంటలు మిగుల్చుకోవడానికి 60 గంటలు సెట్టింగుల మీద ధారపోసేవాళ్లూ ఉన్నారు. ఒకప్పుడు నేనూ ఆ బాపతే.

అయితే మొదట ఏం మార్చాలి?

ఏమీ మార్చవద్దు. రెండు వారాలపాటు పక్కన ఒక కాగితం పెట్టుకోండి. పనిలో విసుగు పుట్టిన ప్రతిసారీ ఒక ముక్క రాయండి. "సేవ్ చేయడం మరచిపోయి పాత కోడే రన్ చేశాను." "టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) కోసం మళ్లీ మౌసు పట్టుకున్నాను." "ఈ బ్రాకెట్ ఎక్కడ మూసుకుందో తెలియలేదు." రెండు వారాల తర్వాత చూస్తే మూడు నాలుగు ఫిర్యాదులే పదేపదే కనిపిస్తాయి. మార్చాల్సింది వాటినే.

ఒక్కో విసుగుకూ ముందు ఎడిటర్‌లోనే ఉపాయం ఉందేమో చూడండి. చాలావాటికి ఉంటుంది. లేకపోతే సెట్టింగు. అదీ లేకపోతేనే ఎక్స్‌టెన్షన్, అంటే ఎడిటర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాము. యూట్యూబ్‌లో ఎవరో చెప్పే "తప్పక ఉండాల్సిన ఇరవై ఎక్స్‌టెన్షన్లు" ఆ మనిషి జబ్బులకు వేసుకున్న మందులు. మీ జబ్బు వేరు కావచ్చు.

ఏ షార్ట్‌కట్లు నేర్చుకోవాలి? జాబితా చూస్తేనే భయమేస్తోంది.

జాబితా జోలికే వెళ్లకండి. ముందు ఒక్కటి నేర్చుకోండి: కంట్రోల్+షిఫ్ట్+పి. దీనితో కమాండ్ ప్యాలెట్ తెరుచుకుంటుంది. ఎడిటర్ చేయగల పనులన్నీ అందులో పేరు పెట్టి పిలవవచ్చు. పని పక్కనే దాని షార్ట్‌కట్ కూడా రాసి ఉంటుంది. ఒకే పనిని రోజుకు నాలుగుసార్లు ప్యాలెట్‌లో వెతుకుతున్నారంటే దాని షార్ట్‌కట్ నేర్చుకునే వేళయిందన్నమాట.

తర్వాతివి కోడ్‌లో తిరగడానికి. కంట్రోల్+పి ఫైళ్లకు. అదే పెట్టెలో ముందు ఎట్ గుర్తు కొడితే తెరిచిన ఫైలులోని ఫంక్షన్ల పేర్లు వస్తాయి, కోలన్ కొట్టి అంకె వేస్తే ఆ లైనుకు తీసుకెళ్తుంది. ఎఫ్12 నొక్కితే ఫంక్షన్‌ను రాసిన చోటికి వెళ్తారు. షిఫ్ట్+ఎఫ్12తో దాన్ని ఎవరెవరు వాడుతున్నారో తెలుస్తుంది. చూసి వచ్చాక ఆల్ట్+ఎడమ బాణంతో బయలుదేరిన చోటికే తిరిగి రావచ్చు. ఈ చివరిది తెలియకే చాలామంది ఎఫ్12కు అలవాటు పడరు. వెళ్లడం సులభమే, తిరుగుదారి తెలియక తప్పిపోతారు.

మార్పులకు ఎఫ్2 అన్నిటికన్నా విలువైనది. ఒక వేరియబుల్ పేరు మార్చితే ప్రాజెక్టు మొత్తంలో, ఆ వేరియబుల్‌కే మారుతుంది. ఫైండ్-రీప్లేస్‌తో ఇదే పని చేయబోయి "ఐడీ" అనే రెండక్షరాలను అన్ని పదాల నడుమా మార్చేసినవాళ్లను చూశాను. కంట్రోల్+డి కర్సర్ కింది పదాన్ని పట్టుకుని, నొక్కిన ప్రతిసారీ అలాంటి తర్వాతి పదాన్ని కూడా చేర్చుకుంటుంది. ఆపై ఒకేసారి అన్నిచోట్లా టైపు చేయవచ్చు. ఆల్ట్+పై బాణం, కింది బాణం లైనును పైకీ కిందికీ జరుపుతాయి. తప్పు చూపించే ఎర్ర గీత ఉన్న చోట కర్సర్ పెట్టి కంట్రోల్+చుక్క నొక్కితే ఎడిటర్ తనకు తోచిన మరమ్మతు చూపిస్తుంది.

వారానికి రెండు చాలు. ఒక చిట్టీ మీద రాసి తెర అంచున అంటించండి. చిట్టీ వైపు చూడటం మానేశాక కొత్త చిట్టీ అంటించండి.

విమ్ నేర్చుకోవాలా? మా సీనియర్ అది తప్ప వేరేది ముట్టుకోరు.

కొంచెం నేర్చుకోవాలి. విమ్ అంటే మౌసు లేకుండా కీలతోనే నడిచే, టెర్మినల్‌లో తెరుచుకునే ఎడిటర్. సర్వర్‌లోకి లాగిన్ అయిన రోజున అక్కడ వీఎస్ కోడ్ ఉండకపోవచ్చు, విమ్‌కు మూలమైన వీఐ మాత్రం దాదాపుగా ఉంటుంది. విమ్ నుంచి బయటపడటం ఎలా అనే ప్రశ్నను ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2017 నాటికే పది లక్షల మందికి పైగా చూశారు. ఆ గుంపులో చేరకుండా ఉండటానికైనా ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టి ఎంటర్ నొక్కాలని గుర్తుంచుకోండి. చేసిన మార్పులు పోతాయి, మీరు బయటికొస్తారు.

విమ్‌లో కర్సర్ కదపడానికి హెచ్, జే, కే, ఎల్ కీలు ఎందుకని అడుగుతుంటారు. బిల్ జాయ్ 1976లో వీఐ రాసినప్పుడు ఆయన వాడినది ఏడీఎం-3ఏ అనే టెర్మినల్, అంటే తెరా కీబోర్డూ కలిసి ఉన్న యంత్రం. దాని కీబోర్డులో బాణం గుర్తులు ఆ నాలుగు అక్షరాల మీదే ముద్రించి ఉండేవి. ఎస్కేప్ కీ ఇప్పుడు ట్యాబ్ ఉండే చోట, చిటికెన వేలికి అందుబాటులో ఉండేది. ఇవాళ్టి కీబోర్డుల్లో ఎస్కేప్ మూలకు పోయింది. అందుకే విమ్ వాడేవాళ్లు క్యాప్స్ లాక్‌ను ఎస్కేప్‌గా మార్చుకుంటారు. విమ్ వాడకపోయినా క్యాప్స్ లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకోవడం మంచి ఆలోచనే. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వారి పవర్‌టాయ్స్ అనే సాధనంతో ఆ పని అవుతుంది, మ్యాక్‌లో కీబోర్డు సెట్టింగుల్లోనే ఉంటుంది.

బ్రామ్ మోలెనార్ 1991లో విమ్‌ను విడుదల చేశారు. 2023లో మరణించే వరకూ దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నారు. ఉగాండా పిల్లలకు సాయం చేయమనే మాట విమ్ తెరవగానే కనిపించేది ఆయన వల్లే.

మీకు ఆసక్తి ఉంటే టెర్మినల్‌లో విమ్‌ట్యూటర్ అని కొట్టండి, అరగంట పాఠం. నచ్చితే ఆ కీలనే వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్‌గా, ఇంటెలిజే అనే మరో ఎడిటర్‌లో ఐడియావిమ్‌గా వాడుకోవచ్చు. నచ్చకపోతే అపరాధభావం అక్కర్లేదు. మొదటి రెండు వారాలు పని కచ్చితంగా నెమ్మదిస్తుంది, కాబట్టి డెలివరీ దగ్గర పడిన వారంలో మొదలుపెట్టకండి.

ఏ ఎడిటర్ అన్నిటికన్నా మంచిది?

జావాలో పెద్ద ప్రాజెక్టు అయితే నేను ఇంటెలిజే వైపే మొగ్గుతాను. మిగతావాటికి వీఎస్ కోడ్ చాలు. ఈమాక్స్ అనే పాత ఎడిటర్ వాడేవాళ్లు ఈ ప్రశ్న అడగరు.

ఎడిటర్ల మధ్య తేడా ఇదివరకంత లేదు. ఒకప్పుడు ప్రతి భాషకూ, ప్రతి ఎడిటర్‌కూ విడివిడిగా ఆటో కంప్లీట్ రాయాల్సి వచ్చేది. 10 భాషలు, 5 ఎడిటర్లు ఉంటే 50 ముక్కలు. మైక్రోసాఫ్ట్ 2016లో రెడ్ హ్యాట్, కోడెన్వీలతో కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను ప్రకటించాక లెక్క మారింది. భాషకు ఒక సర్వర్ (కోడ్‌ను చదివి సూచనలిచ్చే ప్రోగ్రాము), ఎడిటర్‌కు ఒక క్లయింట్ (ఆ సూచనలను అడిగి తెచ్చుకునేది), 15తో సరి. ఇవాళ విమ్‌కు కొత్త రూపమైన నియోవిమ్‌లో మీకు కనిపించే సూచనలూ వీఎస్ కోడ్‌లో కనిపించేవీ చాలాసార్లు ఒకే సర్వర్ నుంచి వస్తున్నాయి.

ఒకే ఎడిటర్‌కు జీవితం రాసిచ్చేయకండి కూడా. గిట్‌హబ్ వారి ఆటమ్ 2014లో వచ్చినప్పుడు ఇక ఇదే అన్నారు. 2022 డిసెంబరు 15న దాన్ని మూసేశారు. విచిత్రమేమిటంటే ఆటమ్ కోసం తయారైన ఎలక్ట్రాన్ అనే చట్రం మీదే వీఎస్ కోడ్ నిలబడి ఉంది.

సెట్టింగులు ఎక్కడ ఉంటాయి? యూజర్, వర్క్‌స్పేస్ అని రెండు కనిపిస్తున్నాయి.

కంట్రోల్+కామా నొక్కితే సెట్టింగులు తెరుచుకుంటాయి. యూజర్ అంటే మీ కంప్యూటర్‌లో మీరు తెరిచే అన్ని ప్రాజెక్టులకూ వర్తించేది. వర్క్‌స్పేస్ అంటే ఆ ఒక్క ప్రాజెక్టుకే. రెండింటికీ తగువు వస్తే వర్క్‌స్పేస్ మాటే చెల్లుతుంది. "నేను ఇండెంట్ (లైను ముందు వదిలే ఖాళీ) 4 పెట్టుకున్నాను, ఇక్కడ మాత్రం 2 వస్తోంది" అనే ఫిర్యాదుకు కారణం ఎక్కువగా ఇదే.

ఏది ఎక్కడ పెట్టాలనేదానికి నా కొలబద్ద: ఫాంటు, రంగు, మినీమ్యాప్ (ఫైలు మొత్తాన్ని కుడివైపు చిన్నగా చూపే పట్టీ) వంటివి మీ కళ్లకు సంబంధించినవి, యూజర్‌లో ఉండాలి. ఇండెంటు, ఫార్మాటర్ (కోడ్‌ను ఒకే శైలిలోకి సర్దే సాధనం), లైను చివర గుర్తు వంటివి కోడ్‌కు సంబంధించినవి, ప్రాజెక్టుతోపాటు గిట్‌లోకి, అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనంలోకి వెళ్లాలి. మీ థీమును వర్క్‌స్పేస్ సెట్టింగుల్లో పెట్టి కమిట్ చేస్తే (గిట్‌లో నమోదు చేస్తే) మర్నాడు టీము మొత్తం తెరలు ఊదారంగులోకి మారతాయి. ఆ తర్వాత మీ పేరు అందరికీ గుర్తుంటుంది.

టీములో తలో ఎడిటర్ వాడుతుంటే ప్రాజెక్టులో ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలు (ఇండెంటు వంటి నియమాలను అన్ని ఎడిటర్లకూ కలిపి రాసేది) ఒకటి పెట్టండి. ట్యాబులా, స్పేసులా అనే యుద్ధం అక్కడితో ముగుస్తుంది. కొన్ని ఎడిటర్లు దాన్ని వాటంతటవే చదువుతాయి, వీఎస్ కోడ్‌కు చిన్న ఎక్స్‌టెన్షన్ కావాలి.

మీరు మార్చుకున్న సెట్టింగులు ఏవి?

చాలా తక్కువ. మినీమ్యాప్ తీసేశాను. ఆ చోటు కోడ్‌కు పనికొస్తుంది, పైగా నేను దాన్ని చూసి ఎక్కడికీ వెళ్లిన గుర్తు లేదు. స్టికీ స్క్రోల్ ఉంచుకున్నాను. రెండు వందల లైన్ల ఫంక్షన్ మధ్యలో ఉన్నప్పుడు అది ఏ ఫంక్షనో పైన అంటిపెట్టుకుని కనిపిస్తుంది. రెండు వందల లైన్ల ఫంక్షన్ ఎందుకు రాశారని అడగకండి, నేను రాసింది కాదు.

ఆటో సేవ్‌ను "ఫోకస్ మారినప్పుడు" అని పెట్టాను. అంటే ఎడిటర్ వదిలి టెర్మినల్‌కో బ్రౌజర్‌కో వెళ్లగానే ఫైలు సేవ్ అవుతుంది. పాత కోడ్ రన్ చేసి తల గోక్కునే బాధ దీనితో పోయింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆటో సేవ్‌ను "కొంత సమయం తర్వాత" అని పెడితే ఫార్మాట్ ఆన్ సేవ్ (సేవ్ చేయగానే ఫార్మాటర్‌ను నడిపే సెట్టింగు) పనిచేయదు. టైపు చేస్తుండగా కోడ్ కాళ్ల కింద నుంచి జరిగిపోకూడదని అలా చేశారు. ఫార్మాటర్ పనిచేయడం లేదని వచ్చేవారిలో కొందరి సమస్య ఇదే.

ఫార్మాటర్ పెట్టుకోవాలా?

తప్పకుండా. ఈ మొత్తంలో నేను ఎలాంటి సందేహం లేకుండా చెప్పే సలహా ఇదొక్కటే. జావాస్క్రిప్ట్‌కు ప్రెట్టియర్, పైథాన్‌కు బ్లాక్ లేదా రఫ్, గో భాషకు దానితోపాటే వచ్చే గోఫ్మ్ట్. ఫార్మాట్ ఆన్ సేవ్ ఆన్ చేస్తే ఇక స్పేసుల గురించి ఆలోచించే పని లేదు. రివ్యూలో "ఇక్కడ కామా తర్వాత ఖాళీ వదలండి" అనే వ్యాఖ్యలూ ఉండవు. ఫార్మాటర్ శైలి మీకు నచ్చకపోవచ్చు. ఎవరికీ పూర్తిగా నచ్చదు, దాని గొప్పతనం అదే.

అయితే పాత ప్రాజెక్టులో జాగ్రత్త. ఒకసారి నేను రెండు లైన్ల లోపం సరిదిద్దడానికి ఒక పాత ఫైలు తెరిచి సేవ్ చేశాను. ఫార్మాటర్ తొమ్మిది వందల లైన్లనూ తిరగరాసింది. చూడకుండా కమిట్ చేశాను. రివ్యూ చేసినాయన ఆ రెండు లైన్ల కోసం గడ్డివాములో సూది వెతికినట్టు వెతికి, చివరికి నా కుర్చీ దగ్గరికే వచ్చి నిలబడ్డారు. అలాంటి చోట ఫార్మాట్ ఆన్ సేవ్ మోడ్ అనే సెట్టింగును "మాడిఫికేషన్స్" అని మార్చండి. గిట్‌తో పోల్చి, మీరు మార్చిన లైన్లనే సరిచేస్తుంది. అన్ని ఫార్మాటర్లకూ ఆ నేర్పు లేదు, ఉన్నవాటితో హాయి.

ప్రాజెక్టు మొత్తాన్ని ఒకేసారి ఫార్మాట్ చేయాలని టీము నిర్ణయిస్తే, ఆ పనికి విడిగా ఒకే కమిట్ పెట్టండి. దాని నంబరును ఒక ఫైలులో రాసి, బ్లేమ్ (ఏ లైను ఎవరు రాశారో చూపే గిట్ కమాండు) చూసేటప్పుడు ఆ కమిట్‌ను పట్టించుకోవద్దని గిట్‌కు చెప్పవచ్చు. గిట్ 2.23 నుంచి ఈ సదుపాయం ఉంది. లేకపోతే ఏ లైను ఎవరు రాశారని అడిగినా మీ పేరే చెబుతుంది.

ఎన్ని ఎక్స్‌టెన్షన్లు ఉండవచ్చు?

సంఖ్య ముఖ్యం కాదు. ప్రతిదానికీ "ఇది లేకపోతే నాకు ఏ పని ఆగుతుంది?" అని అడిగి చూడండి. జవాబు రాకపోతే తీసేయండి.

బ్రాకెట్ల కథ చెబుతాను. ఏ బ్రాకెట్ ఎక్కడ మూసుకుందో తెలియడానికి జతకో రంగు వేసే ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉండేది. లక్షలాది మంది వాడారు. పెద్ద ఫైళ్లలో అది ఎడిటర్‌ను ఈడ్చేది, ఎందుకంటే ఎక్స్‌టెన్షన్ బయట కూర్చుని ఫైలునంతా తనే చదువుకోవాలి. 2021లో వీఎస్ కోడ్ బృందం ఆ పనిని ఎడిటర్ లోపలే చేసింది. పెద్ద ఫైళ్లలో పది వేల రెట్లు వేగం వచ్చిందని రాసుకున్నారు. ఆ తర్వాత కూడా పాత ఎక్స్‌టెన్షన్‌ను అలాగే మోసుకు తిరిగినవాళ్లు ఎందరో. అందుకే ఆరు నెలలకోసారి మీ జాబితా తెరిచి, వాటిలో ఏది ఎడిటర్‌లోకి వచ్చేసిందో చూడండి. హెచ్‌టీఎంఎల్‌లో తెరిచే ట్యాగు పేరు మార్చితే మూసే ట్యాగునూ మార్చడం, వాడని ఇంపోర్టులు తీసేయడం, ఇలాంటివన్నీ ఇప్పుడు సెట్టింగులే.

ఏ ఎక్స్‌టెన్షన్ వల్ల గొడవ వస్తోందో తెలియకపోతే కమాండ్ ప్యాలెట్‌లో ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్ అని వెతకండి. సగం ఎక్స్‌టెన్షన్లను ఆపి "ఇప్పుడు బాగుందా?" అని అడుగుతుంది, మీ జవాబును బట్టి మళ్లీ సగం ఆపుతుంది. 32 ఎక్స్‌టెన్షన్లున్నా ఐదారు ప్రశ్నల్లో దొంగ దొరుకుతాడు. ఒక్కొక్కటిగా తీసి చూస్తూ ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాక గానీ నాకిది తెలియలేదు.

ఎక్స్‌టెన్షన్లు సురక్షితమేనా?

ఎక్స్‌టెన్షన్ అంటే మీ కంప్యూటర్‌లో మీ అనుమతులతో నడిచే వేరొకరి ప్రోగ్రాము. మీరు తెరవగల ఫైలును అదీ తెరవగలదు. థీము అని పేరు పెట్టుకున్నంత మాత్రాన థీమే అనుకోనక్కర్లేదు. ప్రచురించినవారు ఎవరో, సోర్సు కోడ్ కనిపిస్తోందో లేదో, చివరిసారి ఎప్పుడు మార్చారో చూడండి. పేరున్న ఎక్స్‌టెన్షన్‌కు ఒక్క అక్షరం తేడాతో మరొకటి కనిపిస్తే ఆగండి. క్లయింటు కోడ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో కంపెనీ అనుమతించినవే వాడండి.

కొత్త ఫోల్డరు తెరిచినప్పుడు "దీన్ని రాసినవారిని నమ్ముతారా?" అని అడుగుతుంది కదా. అలవాటుగా అవునని నొక్కేస్తాం. ఎక్కడినుంచో దింపుకున్న ప్రాజెక్టును చదవడానికే తెరుస్తుంటే కాదని చెప్పండి. చదవడానికి ఆ నమ్మకం అవసరం లేదు.

నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ. ఎడిటర్ పాకుతోంది. ఏం చేయాలి?

ముందు తప్పెవరిదో తేల్చాలి. హెల్ప్ మెనూలో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తెరిస్తే మెమరీ ఎవరు తింటున్నారో వరుసగా కనిపిస్తుంది. చాలాసార్లు అది ఎడిటర్ కాదు, లాంగ్వేజ్ సర్వర్. అదీ కాకపోతే పక్కనే తెరిచి ఉన్న బ్రౌజర్. బ్రౌజర్‌లో నలభై ట్యాబులుంచి ఎడిటర్‌ను తిట్టడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే.

తర్వాత, ప్రాజెక్టులో ఎడిటర్ చూడనక్కర్లేని ఫోల్డర్లను తప్పించండి. డేటా ఫైళ్లు, లాగులు, బిల్డ్ ఫోల్డరు, పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంటు. సెర్చ్ ఎక్స్‌క్లూడ్, వాచర్ ఎక్స్‌క్లూడ్ అని రెండు సెట్టింగులున్నాయి. మొదటిది వెతుకులాటలో వాటిని వదిలేస్తుంది, రెండోది వాటిలో మార్పులొచ్చాయా అని కాపలా కాయడం మానేస్తుంది. హోమ్ ఫోల్డరునో డెస్క్‌టాప్‌నో ప్రాజెక్టుగా తెరిచే అలవాటుంటే మానుకోండి.

ప్రొఫైళ్లు, అంటే సెట్టింగులూ ఎక్స్‌టెన్షన్లూ కలిపి విడివిడిగా కట్టుకునే మూటలు కూడా ఉపయోగమే. పైథాన్ పనికి ఒకటి, వెబ్ పనికి ఒకటి పెట్టుకుంటే దేని ఎక్స్‌టెన్షన్లు దానికే నడుస్తాయి.

థీము, ఫాంటు ఏది మంచిది?

కళ్లు నొప్పి పుట్టనిది. సున్నానూ ఓ అక్షరాన్నీ, ఒకటినీ చిన్న ఎల్‌నూ విడిగా చూపించే ఏ ఫాంటైనా సరే. పగటి వెలుతురు బాగా వచ్చే కిటికీ పక్కన కూర్చుంటే నల్ల థీము కంటే తెల్లదే నయం. ఇంతకు మించి ఈ విషయం మీద గడిపే సమయం వినోదం ఖాతాలో రాసుకోండి.

తెలుగు అక్షరాలు ఎడిటర్‌లో సరిగా కనిపించడం లేదు.

తెలుగు యాప్‌లు, వెబ్‌సైట్ల మీద పనిచేసేవాళ్లందరికీ ఎదురయ్యే సమస్య ఇది. ఇందులో నిజానికి నాలుగైదు సమస్యలు కలిసి ఉన్నాయి.

ఒత్తులు కింద తెగిపోతుంటే లైను ఎత్తు చాలడం లేదు. కోడ్ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచి చేసినవి, మన అక్షరానికి కిందా పైనా చోటు కావాలి. లైన్ హైట్‌ను 1.7 దగ్గర పెట్టి చూడండి. ఫాంట్ ఫ్యామిలీలో మీ కోడ్ ఫాంటు తర్వాత కామా పెట్టి నోటో సాన్స్ తెలుగు అని చేర్చండి. మొదటి ఫాంటులో లేని అక్షరాలను ఎడిటర్ రెండోదాని నుంచి తెచ్చుకుంటుంది. చేర్చకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ తనకు తోచినది ఇస్తుంది. తెలుగున్న లైన్లలో నిలువు వరుసలు కుదరవు. దానికి మందు లేదు, మన అక్షరాల వెడల్పు ఒక్కటిగా ఉండదు.

బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం మొత్తం పోకుండా ముక్కలుగా పోవడం లోపం కాదు. "స్త్రీ" మన కంటికి ఒకే అక్షరం, యూనికోడ్‌కు (అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణానికి) ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వాటిని ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. పేరుకు 20 బైట్లే చాలనుకుని డేటాబేసు కట్టినవారికి ఈ లెక్క చూపించండి.

తెలుగు పదాల మధ్య ఎడిటర్ చిన్న పసుపు పెట్టెలు గీస్తుంటే అది కనిపించని అక్షరం గురించిన హెచ్చరిక. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట, వ కలిసిపోకుండా మధ్యలో వెడల్పు లేని ఒక గుర్తు పెడతాం. కనిపించని గుర్తులతో కోడ్‌లో మోసం చేయవచ్చని 2021లో కేంబ్రిడ్జి పరిశోధకులు చూపించాక ఎడిటర్లు వాటిని ఎత్తి చూపడం మొదలుపెట్టాయి. మన గుర్తు అమాయకురాలు, అయినా పట్టుబడుతోంది. యూనికోడ్ హైలైట్ సెట్టింగుల్లో ఆ ఒక్క అక్షరాన్ని అనుమతించండి. హెచ్చరిక మొత్తాన్ని ఆపేయకండి, నేను ఆపేసి అనుభవించాను. ఒక ఊరి పేరు చివర ఎవరో టైపు చేసేటప్పుడు అదే గుర్తు మిగిలిపోయింది. కంటికి రెండు పేర్లూ ఒకటే, ప్రోగ్రాముకు వేరు. సగం రోజు పోయింది.

ఇంకో రెండు చిన్న సంగతులు. సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పిచ్చి గీతలుగా వస్తుంటే, కింది పట్టీలో యూటీఎఫ్-8 అన్నచోట నొక్కి "బీఓఎమ్‌తో" (ఫైలు మొదట్లో ఉండే గుర్తుతో) ఉన్న యూటీఎఫ్-8గా సేవ్ చేయండి. డీటీపీ వాళ్లు ఇచ్చిన పాత అను ఫాంట్ల పాఠం అతికిస్తే మాత్రం ఏ సెట్టింగూ కాపాడదు. అది యూనికోడ్ తెలుగే కాదు, ముందు కన్వర్టర్‌తో మార్చుకోవాలి.

షార్ట్‌కట్లు ఒక్కోసారి పనిచేయడం మానేస్తున్నాయి. ఎందుకు?

ముందు కీబోర్డు తెలుగులో ఉందేమో చూడండి. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో ఉండగా కొన్ని షార్ట్‌కట్లు దారి తప్పుతాయి. విండోస్+స్పేస్ నొక్కి ఇంగ్లీషుకు రండి. అదీ కాకపోతే ఏదో ఎక్స్‌టెన్షన్ ఆ కీలను కాజేసి ఉంటుంది. కంట్రోల్+కె, కంట్రోల్+ఎస్ వరుసగా నొక్కితే కీల జాబితా వస్తుంది. అక్కడ రికార్డ్ బటన్ నొక్కి మీ కీలు కొడితే వాటి హక్కుదారులందరూ బయటపడతారు.

స్నిపెట్లు రాసుకోవాలా?

స్నిపెట్ అంటే చిన్న పేరు కొడితే వచ్చిపడే సిద్ధమైన కోడ్ ముక్క. ఒకే ముక్కను నాలుగోసారి కాపీ చేస్తున్నప్పుడు రాసుకోండి, అంతకుముందు వద్దు. స్నిపెట్‌లో డాలరు గుర్తుతో 1, 2 అని వేస్తే ట్యాబ్ నొక్కినప్పుడు కర్సర్ ఆ వరుసలో ఆగుతుంది, 0 అన్నది చివరి మజిలీ. నాకున్నవి ఆరే: ఒక టెస్టు చట్రం, ఒక లాగు లైను, రెండు ఎస్‌క్యూఎల్ ముక్కలు, ఒక కమిట్ సందేశం, క్షమాపణ స్వరంలో సాగే ఒక కామెంటు.

ఏఐ సూచనలు ఆన్‌లో ఉంచాలా?

పని తెలిసినవారికి లాభం ఉంది. ఏం రాయాలో మనసులో ముందే ఉంటే వచ్చిన సూచనను ఒక్క చూపులో తూచవచ్చు. నేర్చుకుంటున్నవారు మాత్రం రోజులో కొంతసేపైనా ఆపేసి రాయాలని నా అభిప్రాయం. బూడిద రంగులో జవాబు ముందే కనిపిస్తుంటే ప్రశ్న గురించి ఆలోచించడం కష్టం. ఆఫీసు కోడ్ మీద వాడే ముందు అనుమతి ఉందో లేదో కనుక్కోండి. నాకు నచ్చిన చిన్న మార్పు: సూచన దానంతటది రాకుండా ఆపి, కావాలనుకున్నప్పుడు ఒక కీతో పిలవడం.

కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు. మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలా?

అక్కర్లేదు. సెట్టింగ్స్ సింక్ ఆన్ చేసి గిట్‌హబ్ లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే సెట్టింగులు, కీలు, స్నిపెట్లు, ఎక్స్‌టెన్షన్ల జాబితా వచ్చేస్తాయి. సొంత ఖాతాను ఆఫీసు యంత్రంలో వాడకూడదంటే ప్రొఫైల్‌ను ఫైలుగా ఎగుమతి చేసి తెచ్చుకోండి. సెట్టింగుల ఫైలును గిట్‌లో దాచుకునేవాళ్లు ఎక్కించే ముందు ఒకసారి చదవండి. కొన్ని ఎక్స్‌టెన్షన్లు డేటాబేసు పాస్‌వర్డులనూ, టోకెన్లనూ అందులోనే రాయించుకుంటాయి.

పని సర్వర్ మీదైతే రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ అనే ఎక్స్‌టెన్షన్ చూడండి. తెర మీ ల్యాప్‌టాప్‌లో, కోడూ లాంగ్వేజ్ సర్వరూ అక్కడ. పై 8 జీబీ ప్రశ్నకు ఇదే అసలైన జవాబు కూడా.

ఏదో నొక్కాను. ఎడిటర్ వింతగా ప్రవర్తిస్తోంది.

ట్యాబ్ నొక్కితే ఖాళీ రాకుండా కర్సర్ ఎటో దూకుతుంటే పొరపాటున కంట్రోల్+ఎమ్ నొక్కారు, మళ్లీ అదే నొక్కండి. పక్క పట్టీ మాయమైతే కంట్రోల్+బి. మెనూ, పట్టీలు అన్నీ పోయి కోడ్ ఒక్కటే మిగిలితే అది జెన్ మోడ్, ఎస్కేప్ రెండుసార్లు. ఎక్స్‌టెన్షన్ల మీద అనుమానముంటే, అన్నిటినీ ఆపి మళ్లీ తెరిచే కమాండు ప్యాలెట్‌లోనే ఉంది.

అప్పటికీ దారికి రాకపోతే సెట్టింగుల ఫైలుకు వేరే పేరు పెట్టి ఎడిటర్‌ను మళ్లీ తెరవండి, కొత్తదానిలా లేస్తుంది. పాత ఫైలును పక్కన తెరిచి, ఎందుకు పెట్టుకున్నారో గుర్తున్న లైన్లను ఒక్కొక్కటిగా తెచ్చుకోండి. గుర్తు రానివాటిని అక్కడే ఉండనివ్వండి.